అత్తయ్య నీసు పథ్యం

రెండోసారి వేవిళ్ళు పట్టినప్పుడు నేను పొద్దున లేచి మొట్టమొదట చేసే పని మేక కార్జం కడగడం. పళ్ళు తోముకోవడం కూడా ఆ తర్వాతే. ఎలాగూ కార్జం వాసనకు పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకోవాలి, నోరు రెండుసార్లు కడుక్కోవడం ఎందుకని. పెరటి గోడ పట్టుకుని నేను కక్కుతుంటే లోపల్నించి అత్తయ్య గొంతు వినిపించేది, "పిల్లా, పొయ్యి మీద కూర మాడుతుందేమో జూడు" అని. మాడిపోతున్నది నేనన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

ఇది ఇల్లందులో, బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో, రెండువేల అయిదు, ఆరు ప్రాంతంలో జరిగిన సంగతి. నా పుట్టిల్లు మధిర. మామయ్య పోయాక గనిలో ఆయన ఉద్యోగం మా ఆయనకు వచ్చింది. ఇంట్లో మేమిద్దరం, మా పాప, అత్తయ్య. నలుగురికి రెండు వంటలు చేసేదాన్ని. ఒకటి మనుషులు తినే వంట. రెండోది అత్తయ్య వంట, అంటే పొద్దున కార్జం, మధ్యాహ్నం మాంసం, సాయంత్రం మేక కాళ్ళ పాయ. అన్నం లేదు, పప్పు లేదు, కూర లేదు, ఆకు లేదు, మజ్జిగ చుక్క లేదు. ఆమెకు రాజభోగం మీద కోరికేమీ లేదు పాపం. మాంసమంటే పెద్ద ఇష్టం కూడా లేదు. అది పథ్యం.

ఆ పథ్యం ఎందుకు పట్టిందో చెప్పాలంటే ముందు ఆమె కాళ్ళ గురించి చెప్పాలి.

మా క్వార్టర్ల లైన్లో పుట్టిన పసిపిల్లలందరికీ నీళ్ళు పోసింది మా అత్తయ్యే. పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి మడిచి, కాళ్ళు బారజాపి కూర్చునేది. పిల్లను ఆ రెండు కాళ్ళ మధ్య పల్లంలో పడుకోబెట్టి నూనె రాసేది, నలుగు పెట్టేది, ముక్కు నిమిరేది, తల గుండ్రంగా ఒత్తేది. బోర్లా తిప్పి నడుము మీద చెయ్యి వేసి వేడినీళ్ళు పోస్తుంటే గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్ల కూడా అక్కడే నిద్రపోయేది. కళ్ళారా చూశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఆమెను గురించి నేను ఒప్పుకునే విషయాలు ఎక్కువ లేవు.

ఇంత మందికి పోసిన మనిషి సొంత మనవరాలికి పోయలేకపోయింది. మొదటి కాన్పు పుట్టింట్లో కదా. మా పాపకు మధిరలో మా అమ్మ పోసింది. నేను పిల్లనెత్తుకుని ఇల్లందు వచ్చేసరికి దానికి మెడ నిలిచింది, బోర్లా పడుతోంది, కాళ్ళ మీద ఒక్క నిమిషం ఉండనంటోంది. అత్తయ్య దాని తల తడిమి చూసి, "ఎనక పక్క సొట్ట ఉంది, సరిగ్గ ఒత్తలే" అంది. సొట్టా లేదు, గిట్టా లేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళతో ఒకటే మాట, "మొదటిది వాళ్ళమ్మ కాళ్ళ మీద పెరిగింది. రెండోది నా కాళ్ళ మీద పెరగాలె." రెండోది కావాలో వద్దో మేమింకా అనుకోనేలేదు. ఆమె అనేసుకుంది.

అలా అనుకున్నాకే మోకాళ్ళు పట్టుకున్నాయి. పీట మీద కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. కాళ్ళు జాపితే మోకాళ్ళు పైకి లేచి ఉంటాయి, పిల్ల జారిపోతుంది. లైన్లో ఎవరికో పిల్ల పుడితే పొయ్యడానికి వెళ్ళి మధ్యలో ఆ పిల్లను తల్లికిచ్చేసి వచ్చేసింది. ఆ రోజు అన్నం తినలేదు. నాకు జాలి వేసిందంటే నమ్మండి.

టేకులపల్లి దాటి అడవి లోపలికి పోతే ఒక ఊళ్ళో కీళ్ళనొప్పులకు పసరు ఇచ్చే పెద్దాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. మా ఆయన బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. సాయంత్రానికి ఒక పసరు సీసా, ఒక వేరుపొడి పొట్లం, వాటికంటే పెద్దదైన పథ్యం పట్టుకుని తిరిగొచ్చారు. నాటుమందు తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. పథ్యం చెప్పినవాడే దాన్ని విడిపించాలి. ఆయన దగ్గరకు పోయి, ఆయన సరేనంటే తలంటుకుని, ఆయన తినమన్నది ముద్ద నోట్లో పెట్టుకోవాలి. అప్పటిదాకా పథ్యం తప్పితే మందు విరుగుతుంది. విరిగిన మందు మళ్ళీ ఎక్కదు.

ఏమేం తినొద్దన్నాడు అని అడిగాను. వంకాయ, గోంగూర, చింతపండు పులుపు అంది. పోనీలే, బతకొచ్చు అనుకున్నాను.

అక్కడితో ఆగితే ఆమె మా అత్తయ్య ఎందుకవుతుంది! మర్నాటి నుంచి ఏది వండినా గిన్నె మూత తీసి చూసి, గుమ్మంలోకి పోయి, దారిన పోయేవాళ్ళను అడగడం మొదలుపెట్టింది, "ఇది వాతమా?" అని. ఈ లోకంలో ఎవరినైనా ఫలానాది వాతమా అని అడిగి చూడండి. కాదని ఒక్కరు చెప్తే నన్నడగండి. తినమని చెప్పి రేపు నొప్పి వస్తే మాట పడాలి. వద్దని చెప్తే ఏ గొడవా లేదు, పైగా పెద్దరికం. బచ్చలికూర వాతం. కందిపప్పు గ్యాసు. ఆలుగడ్డ, చామగడ్డ, దుంపలన్నీ వాతమే. ఎండుచేపలు దురద. పెరుగు చలువ, మజ్జిగ ఇంకా చలువ, పాలు కఫం. జొన్నరొట్టె వేడి. తైదంబలి, అదే రాగిజావ, నేను బతిమాలి ఒకపూట తాగించాను, మర్నాడు ముక్కు కారింది, అదీ పోయింది. మా పాపకు కూడా అర్థమైపోయి బిస్కెట్ పట్టుకుని నానమ్మ దగ్గరకు వెళ్ళి, "ఇది వాతమా?" అని అడిగేది.

చివరికి అన్నం ఒక్కటి మిగిలింది. దాన్ని పక్క క్వార్టరు ఆవిడ మాన్పించింది. ఆవిడ తమ్ముడికి షుగరొచ్చి అన్నం తగ్గిస్తే మోకాళ్ళు కూడా తేలికపడ్డాయట. "అన్నంతోనే వదినా, కీళ్ళల్ల నీరు వడ్తది" అంది. ఆవిడకు ఎవరు చెప్పారో ఎవరికి తెలుసు!

ఇక వద్దని ఎవరూ అననిది ఒక్కటే. మాంసం. దాన్ని ఎవరినడిగినా, "అది బలం గదా, తినుండ్రి" అన్నవాళ్ళే. ఆ విధంగా, ఒక్కొక్కటే తీసేయగా తీసేయగా, మా అత్తయ్య నీసు తప్ప మరేదీ ముట్టని మనిషయింది.

నేను ఊరుకున్నానని అనుకోకండి. మాకు శ్రావణమాసంలో నీసు ముట్టే అలవాటు లేదు. ఆమె గిన్నెలు వేరు, గరిటె వేరు, పెరట్లో బొగ్గు పొయ్యి వేరు పెట్టి వండాను. దేవుడి ముందు దీపం పెట్టి, అదే చేత్తో పాయకు మసాలా నూరాను. ఇంటర్ దాకా చదువుకున్నదాన్ని, ఆ చదువంతా ఆమె మంచం ముందు నిలబడి ఒప్పజెప్పాను. "అత్తయ్యా, ఎముకలకు పాలు, పెరుగు కావాలి. ఆకుకూర కావాలి. ఒట్టి మాంసంతో ఎముకలు గుల్లబారతాయి."

"పులి ఏం తింటదే?" అంది.

"పులికేం?"

"పులి పెరుగన్నం తింటదా? పాలకూర పప్పు తింటదా? దాని బొక్కలు ఎట్లుంటయి?"

"పులి బొక్కలతో సహా నమిలి మింగుతుంది. మీకు దవడ పళ్ళే లేవు."

"అందుకే పాయ తాగుతున్న గదా. బొక్కల రసం బొక్కలకే పోతది."

ఈ మాటకు లైను లైనంతా తలాడించింది. చెయ్యి విరిగినా కాలు విరిగినా పాయ తాగించే ఊరది. ఆ రసంలోకి ఎముకలోంచి దిగేది ఎంత, దిగనిది ఎంత అని నేనొక్కదాన్నే అడుగుతుంటే, మధిరోళ్ళకు పాయ వండరాదని ఒక కొత్తమాట పుట్టింది.

ఇంకో కష్టం కూడా ఉంది. రాయకూడదు కానీ, వండిపెట్టిన నాకే లేని సిగ్గు చదివే మీకెందుకు? పీచు లేని తిండికి ఆమెకు విరేచనం బిగిసిపోయేది. పొద్దున పాయిఖానాలోకి వెళ్తే మా ఆయన డ్యూటీకి పోయే వేళకూ బయటకు వచ్చేది కాదు. ఇసబ్గోల్ తెచ్చిస్తే డబ్బా పట్టుకుని గుమ్మంలోకి నడిచింది, అది వాతమేమో అడగడానికి.

మరి పథ్యం విడిపించుకోవచ్చు కదా? అక్కడ మా ఆయన వస్తాడు. పసరు ఎప్పుడో అయిపోయింది. తీసుకెళ్ళండి, ఆయనతో విడిపించుకు రండి అని ప్రతివారం పోరాను. "వచ్చే ఆదివారం పక్కా" అనేవాడు. ఆదివారం రాగానే ప్లేడే. సెలవురోజు గనిలో దిగితే రెట్టింపు జీతం, దాన్ని మా దగ్గర ప్లేడే అంటారు. ప్లేడే వదులుకుని తల్లిని అడవిలోకి తీసుకెళ్ళే కొడుకు ఇల్లందులో ఇంకా పుట్టలేదు. అత్తయ్య కూడా తొందరపడలేదు, ఎందుకంటే ఈలోగా ఆమె మోకాళ్ళు తగ్గాయి. నిజంగానే తగ్గాయి. పసరువల్లో, ఒళ్ళు సగమై మోకాళ్ళ మీద బరువు తగ్గడంవల్లో నాకు తెలియదు. పీట మీద కూర్చుని లేచేది. కాళ్ళు జాపి, మోకాళ్ళు నేలకు ఆనించి నాకు చూపించేది. నాకు నెల తప్పిందని తెలిశాక ఇక పథ్యం విడవమన్న మాటే చెవిన పెట్టలేదు. "ఇప్పుడు మందు విరిగితే ఎట్ల? నీ కాన్పు కానియ్యి. పిల్లగానికి మెడ నిలిచెదాక పోసి, అప్పుడు పోత" అంది.

అలా రెండేళ్ళు కావొచ్చింది. మోకాళ్ళు నొప్పి పెట్టినప్పుడు గుమ్మం దాటి బయటికి రావడం మానేసింది, తగ్గాక కూడా ఆ అలవాటు పోలేదు. మెడ దగ్గర ఎముకలు తేలాయి. మనిషి కొంచెం పొట్టిగా కనిపిస్తోందని నాకనిపించింది. నడుము వంగిందేమో, వయసు కదా అన్నాడు మా ఆయన. అప్పటికి ఆమెకు అరవై కూడా లేవు.

నాకు తొమ్మిదో నెల. పసిపిల్లకు నీళ్ళు కాచే ఇత్తడి గంగాళాన్ని అత్తయ్య చింతపండు పెట్టి తోముకుంది. నోట్లోకే కదా పులుపు వద్దు, చేతులకు ఫరవాలేదట. తోమి, నీళ్ళు నింపి, పొయ్యి మీదకు ఎత్తబోయింది. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను, ఆగండి అనేలోపే ఎత్తింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. గంగాళం ఒక పక్కకు ఒరిగి నీళ్ళు పోయాయి. ఆమె పడిపోలేదు కూడా. పొయ్యి పక్కన మెల్లగా కూర్చుండిపోయి, "నడుం పట్టింది పిల్లా, జర తైలం తే" అంది.

ఆ రోజూ మర్నాడూ తైలమే. మూడోనాటికి పక్కకు తిరగలేక అరుస్తుంటే కారు కిరాయికి మాట్లాడి ఖమ్మం తీసుకెళ్ళాం. నిండు గర్భిణిని, నేనూ వెళ్ళాను. డాక్టరుకు మాంసం సంగతి చెప్పి, ఆయనతో ఆమెకు నాలుగు చివాట్లు పెట్టించి, ఆ ముచ్చట నా చెవులారా వినాలని నా కోరిక. రెండేళ్ళుగా కార్జం కడిగినదాన్ని, ఆ మాత్రం ఆశ ఉండదా?

ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. వెన్నుపూస ఒకటి అణిగిపోయింది. ఎముక సాంద్రత చూసే పరీక్ష ఇంకొకటి చేయించాడు. వయసుకు మించి ఎముకలు పలచబడ్డాయమ్మా, బరువెత్తితే చాలు, అంతే అన్నాడు. నేను అదను చూసి అంతా చెప్పాను, పసరు దగ్గర్నుంచి పాయ దాకా.

"ఒట్టి మాంసం తినడంవల్లేనా డాక్టరుగారూ?"

ఆయన పెన్ను కిందపెట్టి ఆలోచించాడు. ఆలోచించడం నాకు నచ్చలేదు. "మాంసం ఎముకల్ని కరిగిస్తుందని నేను చెప్పనమ్మా. ఎముకకు మాంసకృత్తులు కూడా కావాలి. కానీ కాల్షియం వచ్చే పాలు, పెరుగు, రాగులు, ఆకుకూర, ముల్లుతో తినే చిన్నచేపలు, అన్నీ మానేశారు. ఎండలోకి రావడం లేదు. బరువు తగ్గారు. అదీకాక నెలసరి ఆగిన ఆడవాళ్ళకు ఎముక ఎలాగూ పలచబడుతుంది. ఇందులో దేనిపాలు ఎంతో ఎవరూ చెప్పలేరు."

ఎవరూ చెప్పలేరట! స్ట్రెచర్ మీద అత్తయ్య మొహం వెలిగిపోయింది. "చూసినవా? మాంసంతోని కాదన్నడు" అంది నాతో. తర్వాత ఆయన్ని అడిగింది, "ఎండ అన్నరు గదా సారూ, మా ఇల్లందుల ఎండకు తక్కువా?"

"ఎండ ఊళ్ళో ఉంటే సరిపోదమ్మా, ఒంటి మీద పడాలి" అన్నాడు. బెల్టు రాశాడు, కాల్షియం గోలీలు రాశాడు. వెల్లకిలా పడుకోవాలి, కూర్చోకూడదు, వంగకూడదు, ఏమీ ఎత్తకూడదు.

"పసిపిల్లను?" అంది అత్తయ్య.

"పసిపిల్లను అసలే వద్దు."

అప్పటిదాకా వెలిగిన మొహం అలాగే ఉండిపోయింది, వెలుగు మాత్రం పోయింది. తిరుగుదారంతా కారు గతుకులకు కూడా మూలగలేదు.

మా ఆయనకు అప్పుడొచ్చింది పౌరుషం. ప్లేడే మానుకుని, ఆ పసరు పెద్దాయన్ని నిలదీస్తానని బండేసుకుని అడవిలోకి పోయాడు. పోయినంత విసురుగానూ తిరిగొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ నిలబడ్డాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"వంకాయ, గోంగూర, పులుపు. గంతే చెప్పిన అన్నడు. పెరుగు ఎవలొద్దన్నరు, అన్నం ఎవలొద్దన్నరు అని నన్నే అడుగుతుండు."

"మరి పథ్యం విడిపించే సంగతి?"

"సీసా అయిపోయినంక రమ్మన్నడట. మనం పోలే." రెండో చెప్పు విడిచి అన్నాడు, "ఆయనకు అమ్మ యాదికే లేదు."

రెండేళ్ళు! ఎవరి మాట కోసం ఆమె మజ్జిగ చుక్క ముట్టలేదో ఆ మనిషికి ఆమె గుర్తే లేదు. నేను నవ్వాను. తర్వాత నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన భయపడి నొప్పులేమో అనుకున్నాడు.

నొప్పులు ఆ తర్వాత కొన్నాళ్ళకు వచ్చాయి. మగపిల్లవాడు. నీళ్ళు పోసేవాళ్ళు కావాలి కదా, ఎవరు వచ్చారనుకున్నారు? అన్నం మాన్పించిన పక్క క్వార్టరు ఆవిడే. రోజూ పొద్దున వచ్చి మా పీట మీద కూర్చుని, మా గంగాళంలో నీళ్ళు మా వాడికి పోసేది. కిటికీ అవతల పెరట్లో నీళ్ళ చప్పుడు, ఇవతల మంచం మీద బెల్టు కట్టుకుని అత్తయ్య. "తల ఒత్తమను. ఏడిపిస్తుంది జూడు. గంత జల్దీ ఎందుకే, ఇల్లు కాలుతుందా?" అని పైకప్పును చూస్తూ ఒకటే నస. నా చెవులు చిల్లులు పడేవి.

అది చాలక నాకు పథ్యం. బాలింతరాలు పెరుగు తినొద్దు, పప్పు తినొద్దు, ఆకు తినొద్దు అని మంచం మీంచే మొదలుపెట్టింది. అన్నీ పోగొట్టుకుని కూడా బుద్ధి రాలేదు చూడండి. నేను కంచంలో అన్నం పెట్టుకుని, తోటకూర పప్పు వేసుకుని, మీద గరిటెడు గడ్డపెరుగు వేసుకుని, ఆమె మంచం ఎదురుగా నేల మీద కూర్చుని తిన్నాను. చివరిదాకా తిన్నాను, కంచం కూడా నాకాను. ఆమె గోడ వైపు మొహం తిప్పుకుంది. కాల్షియం గోలీ మాత్రం వేసుకుంది, అది వాతం కాదని పక్కావిడ చెప్పాక.

ఒకరోజు స్నానమయ్యాక పిల్లాణ్ణి తుడిచి లోపలికి తెస్తుంటే పిలిచింది.

"ఒక్కపారి నా కాళ్ళ మీద ఎయ్యి పిల్లా."

"వంగకూడదన్నారు కదా అత్తయ్యా."

"వంగ. గిట్లనే పండుకుంట. నువ్వు ఎయ్యి."

చెయ్యి చాపితే అందినంతవరకు చీర పైకి లాక్కుంది, మిగతాది నేను లాగాను. రెండు కాళ్ళూ దగ్గరకు చేర్చి పెట్టింది. సన్నబడిపోయిన ఆ కాళ్ళ మధ్య పల్లంలో వాణ్ణి పడుకోబెట్టి, జారకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టాను. వెల్లకిలా ఉన్న మనిషికి వాడు కనిపించడు. తల ఎత్తకూడదు. రెండు చేతులూ గాల్లోకి లేపి వాడి కోసం చాపింది, నడుము లేవకుండా ఎంత చాపితే మాత్రం అందుతాడు? చేతులు మెల్లగా దించి బెల్టు మీద పెట్టుకుంది.

"ఏడుస్తుండా?"

"లేదు."

"కండ్లు తెరిచిండా?"

"తెరిచాడు."

"ఎటు చూస్తుండు?"

వాడు కిటికీ వైపు చూస్తున్నాడు. "మీ వైపే" అన్నాను.

పైకప్పును చూస్తూ నవ్వింది. మోకాళ్ళు కొంచెం కదిపింది, వాడు అదిరి, మళ్ళీ సర్దుకున్నాడు. "చూసినవా పిల్లా, మోకాళ్ళు జరంత గూడ నొస్తలేవు. మందు మంచిగనే పనిచేసింది" అంది.

రెండేళ్ళ కోపం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమెను పట్టుకుని కుదిపేయాలనిపించింది, కుదపడానికి కూడా వీల్లేని మనిషి. పిల్లవాడి మీద నుంచి చెయ్యి తీయలేదు.

"అవునత్తయ్యా" అన్నాను. "బాగా పనిచేసింది."